ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా

ఆ గదికి కిటికీలు లేవు. బయట ఎండ కాస్తోందో వాన కురుస్తోందో లోపలివాళ్లు గోడను చూసి తెలుసుకోవాల్సిందే. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఆ గోడంతా ఒకటే తెర. ఆ ప్రాంతానికి కరెంటు మోసే లైన్లు, సబ్‌స్టేషన్లు అన్నీ దాని మీద రంగురంగుల గీతలుగా, చుక్కలుగా కనిపిస్తాయి. నడుమ పెద్ద అంకెల్లో ఫ్రీక్వెన్సీ. అది యాభై దగ్గర నిలబడి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. యాభై కిందికి జారుతోందంటే జనం వాడేది ఎక్కువై, తయారయ్యేది చాలడం లేదన్నమాట. మరీ జారితే లైన్లు వాటంతటవే తెగిపోయి ఊళ్లకు ఊళ్లు చీకట్లో పడతాయి. అలా కాకుండా చూడటానికి ఆ గోడ ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు.

ఆ వేసవిలో మధ్యాహ్నం షిఫ్టు ఇంజనీరు ఒకావిడ. పదకొండేళ్ల సర్వీసు. ఆఫీసులో అందరూ ఆమెను లెక్కల మేడమ్ అనేవారు. ఎవరేం చెప్పినా "ఎంత?" అని అడగడం ఆమె అలవాటు. ఎండ ఎక్కువగా ఉందంటే ఎంత, బస్సు ఆలస్యమైందంటే ఎంత. పుట్టగానే ఏడవడం మానేసి తన బరువెంతో అడిగి ఉంటుందని పక్క బల్ల ఆపరేటరు వేళాకోళం చేసేవాడు.

ఆ ఆపరేటరుకూ ఒక పేరుంది, గడియారం అని. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే గది, అదే కుర్చీ. చేతికి వాచీ పెట్టుకోడు. గోడ మీద కరెంటు వాడకపు గీత ఎక్కే తీరూ దిగే తీరూ చూసి టైము చెప్పేస్తాడు. "అదిగో, బడులు వదిలారు." "ఇదిగో, ఆఫీసుల నుంచి ఇళ్లకు చేరారు, ఏసీలు వేస్తున్నారు." రెండు నిమిషాలు అటూ ఇటూ కూడా తప్పేవాడు కాదు.

లెక్కల మేడమ్ ఇంట్లో ఆమెతో పాటు భర్త, అత్తగారు. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైంది. గది దాటితే చాలు, ఆమె చెయ్యి స్విచ్ మీదికి వెళ్తుంది. ఫ్యాను, లైటు, టీవీ దగ్గర మినుకుమనే ఎర్రచుక్కతో సహా అన్నీ ఆపి గానీ అడుగు తీసి అడుగు వేయదు. కాఫీ కప్పు చేత్తో పట్టుకుని మళ్లీ వచ్చిన కోడలు చీకట్లో కుర్చీకి కొట్టుకున్న రోజులు చాలా ఉన్నాయి.

"అత్తయ్యా, అది తొమ్మిది వాట్ల బల్బు. సాయంత్రం మా గోడ మీద పంతొమ్మిది వందల మెగావాట్లుంటాయి. మీరు ఆపింది అందులో ఎన్నో వంతో తెలుసా?"

"ఎన్నో వంతు?"

"ఇరవై ఒక్క కోట్లలో ఒక వంతు."

"అయితే ఆ ఒక్క వంతూ నాది, నేను ఆపుకుంటా. మిగతాది నువ్వు చూసుకో."

కోడలి అభిప్రాయం మాత్రం మారలేదు. భూమి వేడెక్కుతోందన్న సంగతి ఆమెకు ఇంట్లో ఎవరికన్నా బాగా తెలుసు. ఏటేటా గోడ మీద పైకి జరుగుతున్న గీతే చెబుతోంది. దాన్ని ఆపాల్సింది ప్రభుత్వాలు, పెద్ద పెద్ద యంత్రాలు. మనిషి తన ఇంట్లో చేసుకునేది మనసు తృప్తికి చేసుకునే పని. అంతవరకే అనుకునేది.

ఆ పెద్ద యంత్రాల్లో ఒక ముసలిది ఉంది. ఊరికి దూరంగా ఉన్న బొగ్గు కేంద్రంలో నూట పది మెగావాట్ల పాత యూనిట్. అందరూ దాన్ని ముసలాయన అంటారు. ఏడాదిలో చాలా నెలలు చల్లారే ఉంటుంది. వేసవిలో సాయంత్రాలు కరెంటు చాలకపోతే వెలిగిస్తారు. చిక్కల్లా ఏమిటంటే, దాన్ని పొయ్యిలా సాయంత్రం అంటించి రాత్రికి ఆర్పేయడం కుదరదు. వేడెక్కడానికే పన్నెండు గంటలు పడుతుంది. ఒకసారి అంటిస్తే వేసవి అయ్యేదాకా పగలూ రాత్రీ మండుతూనే ఉండాలి. రోజుకు రెండు గంటల అవసరానికి ఇరవై నాలుగు గంటల బొగ్గు. పైగా మధ్యాహ్నం ఎండ పుష్కలంగా ఉన్నప్పుడు ముసలాయనకు చోటివ్వడానికి సోలార్ వాళ్లను తగ్గించుకోమని ఈ గదిలోంచే ఫోన్లు వెళ్లేవి. ఆ ఫోన్లు చేసేటప్పుడు లెక్కల మేడమ్‌కు ఒళ్లు మండేది. కానీ చేసేది.

వేసవి మొదలై రెండు వారాలైంది. ఆ రోజు మధ్యాహ్నం మూడు దాటాక ఫ్రీక్వెన్సీ ఒక్కసారిగా జారింది. ఫోను మోగింది. వేరే విద్యుత్ కేంద్రంలో ఒక పెద్ద జనరేటరు లోపలి తీగచుట్టలు కాలిపోయాయి. కొత్తవి చేయించి తెచ్చి బిగించడానికి మూడు నెలలు పడుతుందన్నారు. ఉన్నపళంగా సర్దుబాట్లు చేసి ఎలాగో గట్టెక్కించారు గానీ అసలు గండం సాయంత్రం ఉంది. ఎండ దిగితే సోలార్ పోతుంది. జనం ఇళ్లకు చేరతారు. పొరుగు ప్రాంతాలను అడిగితే "మాకే లేదు మొర్రో" అన్నారు. లెక్కల మేడమ్ కూడికలూ తీసివేతలూ చేసి కాగితం పెద్దసారు ముందు పెట్టింది. ఆ ఆఫీసుకు ఆయనే అధికారి.

"ఎంత తక్కువ?" ఈసారి ఆయనే అడిగాడు.

"నూట పదిహేను సార్. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా."

ఆయన ముసలాయన్ని వెలిగించే ఉత్తర్వు కాగితం బయటకు తీశాడు. కలం మూత తీసి ఆగాడు. "ఇది రేపటికి. మరి ఇవాళ?"

ఇవాళకు కోత తప్పదు. కోత జాబితా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. వంతు ప్రకారం ఆ రోజు మొదటి పేరు బస్సు డిపో వెనక రేకుల ఇళ్ల పేటది. ఒక్కో గది, ఒక్కో ఫ్యాను, నలుగురైదుగురు మనుషులు. ఇంత ఎండలో రేకుల కింద ఫ్యాను ఆగితే ఎలా ఉంటుందో గదిలో అందరికీ తెలుసు. అందరికంటే తక్కువ వాడేవాళ్లకే మొదటి వేటు.

గడియారం గొంతు సవరించుకున్నాడు. "జనాన్ని అడిగి చూద్దామా సార్? కాస్త తగ్గించుకోండని?"

లెక్కల మేడమ్ నవ్వేసింది. "అడిగితే తగ్గించుకుంటారా? ఎండలో మాడి ఇంటికొచ్చిన మనిషిని ఏసీ ఆపమంటే మనల్ని తిట్టిపోస్తాడు."

"తిడితే తిట్టనీ. అడిగితే పోయేదేముంది?" అని పెద్దసారు కలం మూత పెట్టేశాడు. ఉత్తర్వును సంతకం లేకుండానే సొరుగులో పెట్టాడు. "ముందు ఇవాళ ఏం జరుగుతుందో చూద్దాం. ప్రకటన మీరు రాయండి మేడమ్."

ఆమె రాసింది. గరిష్ఠ డిమాండు సమయంలో వినియోగదారులు అనవసర విద్యుత్ వినియోగాన్ని స్వచ్ఛందంగా నియంత్రించుకొని సంస్థకు సహకరించవలసిందిగా కోరడమైనది, అని. నాలుగింటికి రేడియోలో చదివారు. నాలుగూ ఐదుకు ఆమె సెల్ మోగింది. అత్తగారు.

"అమ్మాయ్, రేడియోలో ఇప్పుడేదో చదివారు, మీ ఆఫీసుదేనా?"

"అవును అత్తయ్యా."

"ఎవరో పోయారేమో, సంతాపం చెబుతున్నారనుకున్నా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నన్నేం చేయమంటావో తిన్నగా చెప్పు."

ఆమెకు చిరాకు వచ్చింది. అయినా చెప్పింది. "ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా వాషింగ్ మెషిన్ వేయకండి. ఇస్త్రీ చేయకండి. నీళ్ల మోటారు వేయకండి. అందరూ ఒకే గదిలో కూర్చోండి. ఏసీ ఉన్నవాళ్లు ఇరవై ఏడులో పెట్టి ఫ్యాను వేసుకోండి. అంతే."

"ఇంతేనా? ఈ మాట చెప్పడానికా అంత సంస్కృతం! మరి ఎనిమిదిన్నరకు?"

"ఎనిమిదిన్నరకు మళ్లీ వేసుకోవచ్చు."

"అందరూ ఒక్కసారేనా?" అత్తగారి గొంతులో ఎక్స్ఛేంజి రోజులు మేల్కొన్నాయి. "అమ్మో, అలా చేయించకు. మాకు పరీక్షా ఫలితాలు వచ్చే రోజున సరిగ్గా పదింటికి ఊరంతా ఫోనెత్తేది. బోర్డంతా ఎర్రదీపాలు, ఒక్క ఫోన్‌కాల్ కూడా కలిసేది కాదు. విడగొట్టు. ఇంటి నంబరు చివరి అంకె ఎంతైతే అన్ని నిమిషాలు ఆగి వేసుకోమను."

కోడలు లెక్కల కాగితం దగ్గరకు లాక్కుంది. ఎనిమిదిన్నర సంగతి ఆమె లెక్కలో లేదు.

ఐదున్నరకు రేడియో స్టేషన్ నుంచి లైన్ కలిపారు. ప్రకటనలు చదివే అమ్మాయి "మీ కాగితమే మళ్లీ చదవమంటారా?" అని అడిగింది. "వద్దు, నేనే మాట్లాడతా" అంది లెక్కల మేడమ్. అత్తగారికి చెప్పింది చెప్పినట్టే చెప్పింది, ఇంటి నంబరు సంగతితో సహా. చివర్లో ఏమనాలో తోచక, కళ్లెదురుగా ఉన్నదే చెప్పింది. "నేను కూర్చున్న చోట గోడ మీద ఒక గీత ఉంటుందండీ. మీరంతా కలిసి గీసే గీతే అది. మీలో ఎవరు స్విచ్ వేసినా ఆపినా అందులోకి వస్తుంది. ఇవాళ ఒక రెండు గంటలు దాన్ని కొంచెం కింద గీయండి. నేను చూస్తూ ఉంటా."

ఫోను పెట్టేశాక చెవులు వేడెక్కాయి. గడియారం కళ్లు పెద్దవి చేసి చూశాడు.

ఆరింటికి గీత ఎక్కడం మొదలుపెట్టింది. ఎప్పటిలాగే, ఎప్పటికన్నా కాస్త నిటారుగా. సోలార్ అంకె నిమిష నిమిషానికీ తరిగిపోతోంది. ఆరూ ఇరవైకి ఫ్రీక్వెన్సీ 49.85. ఆరున్నరకు 49.74. కోత జాబితా ఆమె ముందుంది. రేకుల ఇళ్ల పేట లైను మీటను తెర మీద తెరిచి ఉంచుకుంది. 49.70 దగ్గర నొక్కాలి. వేలు మౌస్ మీద ఉంది.

49.73.

49.72.

"ఇంకొక్క నిమిషం" అన్నాడు గడియారం.

49.72 దగ్గర అంకె ఆగింది. తర్వాత 49.74 అయింది. 49.79. ఆమె వేలు తీయలేదు. 49.86. ఎక్కాల్సిన గీత అడ్డంగా సాగి, చూస్తూ ఉండగానే కిందికి వంగింది.

"ఏదో లైను పడింది!" అని అరిచింది. అదొక్కటే తట్టింది ఆమెకు. ఇంత లోడు, ఇంత వాడకం, ఒక్కసారి పోయిందంటే ఎక్కడో పెద్ద లైను తెగి ఉండాలి, ఏదో ఊరు చీకటై ఉండాలి. "వెతకండి, ఎక్కడ పోయిందో వెతకండి!"

గడియారం ఒక్కో సబ్‌స్టేషన్ తెరిచి చూశాడు. అన్నీ కలిసే ఉన్నాయి. ఆమె రెండోసారి చూసింది. ఒక్క స్విచ్చూ తెగలేదు. ఒక్క ఊరూ పోలేదు. ఈలోగా జలవిద్యుత్ కేంద్రం నుంచి ఫోను.

"మేడమ్, మా మెషిన్ గేట్లు వాటంతటవే మూసుకుంటున్నాయి. నీళ్లు వద్దంటోంది. అక్కడేమైనా కొంప మునిగిందా?"

"లేదు" అంది ఆమె. "అన్నీ ఉన్నాయి."

"మరి లోడేమైంది?"

ఆమె మళ్లీ గోడను చూసింది. "జనం ఆపుతున్నారు" అంది.

అవతలి నుంచి నీళ్ల చప్పుడు వినిపించింది.

గదిలో ఉన్నవాళ్లందరూ లేచి నిలబడ్డారు. లేవమని ఎవరూ అనలేదు. పెద్దసారు తన గది తలుపు దగ్గర నిలబడి కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుని మళ్లీ తీశాడు. గీత ఇంకా కిందికి దిగుతోంది. ఒక్కసారిగా పడటం లేదు, సన్నగా, మెత్తగా జారుతోంది. ఎక్కడో ఒకరు ఇస్త్రీపెట్టె తీగ లాగేశారు. ఎవరో వాషింగ్ మెషిన్ మూత తెరిచి మళ్లీ మూశారు. ఎవరో పిల్లల్ని రెండు గదుల్లోంచి ఒక గదిలోకి పిలిచారు. వాళ్లెవరూ పక్కవాళ్లేం చేస్తున్నారో చూడటం లేదు. చేసినవాళ్లను మెచ్చుకునేవారు లేరు, చేయనివాళ్లను పట్టుకునేవారూ లేరు. అయినా వాళ్ల వేళ్లన్నీ ఇక్కడ, కిటికీల్లేని ఈ గదిలో, ఒకే గీతగా కదులుతున్నాయి. పదకొండేళ్లుగా ఆమె ఆ గీతను చూస్తోంది. దాని వెనక మనుషులున్నారని తెలుసు, నీళ్లలో హైడ్రోజన్ ఉందని తెలిసినట్టు. ఇవాళే కనిపించారు.

గడియారం చాలాసేపు గోడనే చూసి, నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు.

"టైమెంతమ్మా?" అన్నాడు.

ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి.

ఏడుంపావుకు లెక్క తేలింది. రావాల్సినదానికన్నా నూట నలభై మెగావాట్లు తక్కువ. ఆ ప్రాంతంలో ఆరు లక్షల ఇళ్లు. ఇంటికి రెండు వందల ముప్పై వాట్ల చొప్పున అన్నమాట. అంకె రాసి కింద గీత గీసింది గానీ, ఆ అంకెను ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. మీట తెరను మూసేసింది. రేకుల ఇళ్ల పేటలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఎనిమిదిన్నర దగ్గరపడేసరికి అందరూ మళ్లీ గోడ ముందు చేరారు. గీత కదిలింది. ఒక చిన్న మెట్టు ఎక్కి ఆగింది. నిమిషం తర్వాత ఇంకో మెట్టు. తర్వాత ఇంకోటి. సున్నాతో ముగిసే ఇళ్లు, ఒకటితో ముగిసేవి, రెండుతో... గడియారం వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. తొమ్మిదో అంకె ఇళ్లు వచ్చేసరికి ఎనిమిదీ ముప్పై తొమ్మిది. ఫ్రీక్వెన్సీ కాస్త ఊగిందంతే. ఆ మెట్లు చూస్తుంటే లెక్కల మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తలుపు నంబరు చూసుకుని, టైము చూసుకుంటూ, స్విచ్ దగ్గర నిలబడి నిమిషాలు లెక్కపెట్టిన మనుషులు! ఏ నాటకంలోనూ ఇంతమంది ఒక్క తాళానికి నడవరు.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు ఒక్క లైటు కింద కూర్చుని ఉంది.

"ఏమన్నా పని జరిగిందా అమ్మాయ్?"

"జరిగింది అత్తయ్యా."

"ఎంత?"

కోడలు నవ్వబోయి ఏడ్చేసింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మర్నాడూ సాయంత్రం వచ్చింది. రెండో రోజు తగ్గింది నూట ఇరవై. మూడో రోజు తొంభై ఆరు. నాలుగో రోజు డెబ్బై ఒకటి. పొరుగు ప్రాంతాల దగ్గర అంతో ఇంతో అడిగి తెచ్చి, కోత పెట్టకుండా ఎలాగో నెట్టుకొచ్చారు. పెద్దసారు సొరుగు తెరిచి ఉత్తర్వు బల్ల మీద పెట్టాడు. "జనం మంచివాళ్లే మేడమ్. కానీ రోజూ మంచివాళ్లుగా ఉండటం ఎవరికైనా కష్టమే. ఆదివారం దాకా చూస్తా."

ఆమెకు ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు ఉదయం షిఫ్టు లేదు. నడుచుకుంటూ వీధుల్లో పడింది. మొదట ఇస్త్రీ దుకాణం ఆవిడ దగ్గర ఆగింది. రేడియోలో మాట్లాడింది తనేనని చెప్పగానే ఆవిడ పెట్టె పక్కన పెట్టేసింది.

"ఒక రోజంటే ఆపా తల్లీ. రోజూ సాయంత్రం ఆపేస్తే నా పొట్ట ఎవరు నింపుతారు?"

"బట్టలు ఎప్పుడిస్తారు మీకు?"

"పొద్దున ఎనిమిదింటికి పడేసి పోతారు."

"మరి సాయంత్రం దాకా ఎందుకు ఆగుతారు?"

ఆవిడ నోరు తెరిచి మూసింది. "సాయంత్రం తీసుకెళ్తారు కదాని... అలా అలవాటైపోయింది. మధ్యాహ్నం చేసినా మడత పోదులే."

తర్వాత ఒక నాలుగంతస్తుల ఇంటి వాచ్‌మన్. రోజూ ఏడింటికి మోటారు వేస్తాడు. ఎందుకని అడిగితే, తనకు ముందున్నవాడు ఏడింటికే వేసేవాడన్నాడు. అతనికి ముందున్నవాడు ఎందుకు వేసేవాడో ఎవరికీ తెలియదు. పన్నెండింటికి నింపినా ట్యాంకు ట్యాంకే. ఆమె మోటారు పక్కన నేల మీద కూర్చుని, దాని మీద రాసి ఉన్న సామర్థ్యం చదివింది. దాదాపు నాలుగు కిలోవాట్లు. ఊళ్లో ఇలాంటివి పదివేల పైనే ఉంటాయి. నలభై మెగావాట్లు. ఏడింటికి ఎందుకు వేస్తున్నారో తెలియకుండా వేస్తున్న నలభై మెగావాట్లు!

ఆ సాయంత్రం రేడియోలో ఆమె మాట మార్చింది. ఆపండి అనలేదు. "జరపండి. మధ్యాహ్నం మన దగ్గర ఎండ కరెంటు కావలసినంత ఉంది, వాడేవాళ్లు లేరు. మోటారు పన్నెండుకు వేయండి. ఇస్త్రీ, బట్టలుతకడం పగలు చేయండి. ఒక్కసారి జరిపి మరిచిపోండి. రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు."

ఇంట్లో అత్తగారు ఫోను పట్టుకుంది. తనతో పనిచేసిన పాత ఆపరేటర్లు పద్దెనిమిది మంది ఇంకా టచ్‌లో ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక్కో పేట పంచింది. ఆ పద్దెనిమిది మందీ తమకు తెలిసినవాళ్లకు, వాళ్లు వాచ్‌మన్లకు. "ముప్పై ఏళ్లు పక్కవాళ్ల మాటలు కలిపాం, ఇప్పుడు మా మాట మేం చెప్పలేమా?" అనేది. ఆ వారం ఇంట్లో ఎవరు పలకరించినా చేయి అడ్డం పెట్టి "లైన్లో ఉన్నా" అనేది.

ఆదివారం నాటికి తగ్గుదల ఎనభై మూడుకు వచ్చింది. ఆ పై వారం తొంభై ఎనిమిది. పెద్దసారు కాగితాన్ని సొరుగులోకి తోశాడు. ఐదో వారంలో నూట పద్దెనిమిది దగ్గర నిలిచింది, ఇక దిగలేదు. అన్ని రోజులూ పూలబాట కాదు. మండువేసవిలో ఒక రోజు గాలి ఆడక, గోడ మీద గీత ఎవరి మాటా వినకుండా పైకి పోయింది. మూడు పేటలకు నలభై నిమిషాలు కోత పెట్టాల్సి వచ్చింది. ఆ మీట నొక్కింది లెక్కల మేడమే. మర్నాడు రేడియోలో ఏ పేటలో ఎన్ని నిమిషాలో చెప్పి, క్షమించమని అడిగింది. ఆ సాయంత్రం ఇంకో ఆరు మెగావాట్లు తగ్గాయి.

వానలు పడ్డాయి. పెద్ద జనరేటరు బాగుపడి తిరిగి వచ్చింది. ముసలాయన్ని ఆ వేసవి వెలిగించనే లేదు.

వానలు మొదలైన రెండో వారంలో ఆమె బొగ్గు కేంద్రానికి తనిఖీకి వెళ్లింది. ముసలాయన్ని చూసుకునే ఆయన ఒక బాయిలర్ మేస్త్రి. ఇరవై రెండు వేసవులు తన చేత్తో వెలిగించాడు. ఆమెను చూసి మొహం చిట్లించాడు.

"రేడియోలో మాట్లాడింది మీరేనటగా?"

"నేనే."

"నా పొయ్యి వెలగకుండా చేశారు." కోపమో కాదో తెలియని గొంతుతో అన్నాడు. "నన్ను పక్క యూనిట్లో వేశారు లెండి, పనికేం లోటు లేదు. కానీ ఈ వేసవంతా ఏదో మర్చిపోయినట్టే ఉంది. రండి, చూద్దురుగాని. ఎప్పుడూ మండుతుంటే చూసేదే గానీ, మీలాంటివాళ్లు లోపలికి పోయింది లేదు."

బాయిలర్ పక్కన నడుమెత్తున చిన్న ఇనుప తలుపు. ఇద్దరూ హెల్మెట్లు, చేతి తొడుగులు వేసుకుని, వంగి, పలకల మీద పాకుతూ లోపలికి దూరారు. లోపల ఆమె నిలబడి టార్చి పైకెత్తింది. వెలుగు పైకి పోయి పోయి పలచబడి కనిపించకుండా పోయింది. పది అంతస్తుల ఇల్లు పడుతుంది అందులో. నాలుగు వైపులా గోడలన్నీ నిలువు గొట్టాలే, మణికట్టు మందాన వరసగా, పై చీకట్లోకి. ఎక్కడా చప్పుడు లేదు. ఆమె ఊపిరి ఆమెకే వినిపిస్తోంది.

"నిరుడు వేసవిలో మీరు నిలబడ్డ చోట పన్నెండు వందల డిగ్రీలమ్మా" అన్నాడు మేస్త్రి. ఆయన గొంతు పైకి పోయి, ఆలస్యంగా తిరిగి వచ్చింది. "నిండుగా మండితే గంటకు డెబ్బై టన్నులు తినేది. లారీలకు లారీలు."

ఆమె తన ధోరణిలో లెక్క వేసింది. వేసవంతా మండి ఉంటే దగ్గరదగ్గర లక్ష టన్నుల బొగ్గు. అందులో కొంత భారం వేరే కేంద్రాలు మోసి ఉంటాయి, కాబట్టి మిగిలింది అంతకన్నా తక్కువ. ఎంత తక్కువో ఇంటికి వెళ్లి తీరిగ్గా వేయాలి. లోకంలో ఇలాంటి పొయ్యిలు ఎన్ని వేలో, వాటి ముందు ఇదొక్కటి ఏపాటిదో కూడా తెలుసు. అయినా లెక్క మధ్యలో ఆగిపోయింది. ఆమె చేతి తొడుగు తీసి అరచేతిని గొట్టాల గోడకు ఆనించింది. చల్లగా ఉంది. వానాకాలపు రాయిలా, చెమ్మగా, చల్లగా.

ఇంత ఎత్తు మంట. దీన్ని ఎవరో ఒక మహానుభావుడు వచ్చి ఆర్పలేదు. పన్నెండింటికి మోటారు వేసిన వాచ్‌మన్, మధ్యాహ్నం బట్టలు మడతపెట్టిన ఆవిడ, తలుపు నంబరు చూసుకుని నాలుగు నిమిషాలో ఏడు నిమిషాలో ఆగినవాళ్లు. ఇది తాము చేసిందని వాళ్లలో ఎవరికీ తెలియదు. ఇంత పెద్ద గది ఒకటి ఉందని, వేసవంతా అది ఖాళీగా, నిశ్శబ్దంగా నిలబడి ఉందని, వాళ్లకు ఎవరు చూపిస్తారు?

"మేస్త్రిగారూ, ఇక్కడికి జనాన్ని తీసుకురావచ్చా? కొద్దికొద్ది మందిగా?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. తలుపు చిన్నది. ఒకసారికి పదిమంది పడతారు. లావుగా ఉన్నవాళ్లతో కాస్త చిక్కే." తర్వాత పైకి చూస్తూ అన్నాడు. "నేనూ ఇంతసేపు నిలబడి ఎప్పుడూ చూడలేదమ్మా. దుమ్ము దులిపి పోవడమే. ఇంత పెద్దదా ఇది?"

"ఎంత?" అని ఆమె అడగలేదు. టార్చి ఆర్పేసింది. తలుపు సందులోంచి వచ్చే వెలుతురు కాళ్ల దగ్గరే ఆగిపోయింది. ఇద్దరూ తలలు పైకెత్తి, ఆ చల్లటి చీకట్లో నిలబడ్డారు.